మగ్దలీనమ్మ కారు కీచు

మగ్దలీనమ్మ కారు బండపల్లె మలుపు తిరిగిందంటే ఊరంతటికీ తెలిసిపోయేది. బ్రేకు మీద కాలు పెడితే చాలు, కీచుమని లేచేది ఒక కూత. రేకుల షెడ్డు మీద గునపం పెట్టి ఈడ్చినట్టుండేది. ఆ కూత వినపడంగానే బీపీ మాత్రలు ఎగ్గొట్టేవాళ్లందరూ మెల్లగా చేల దారి పట్టేవాళ్లు. సుబ్బులమ్మయితే, చక్కెర జబ్బు పెట్టుకోని పొద్దున్నే బెల్లం టీ తాగేది కాబట్టి, గ్లాసుతో సహా గొడ్ల చావిట్లోకి దూరేది.

మగ్దలీనమ్మకు యాభై మూడేండ్లు. మార్కాపురంలో కాపురం, పన్నెండు కిలోమీటర్ల అవతల పలకల గనుల పక్కనున్న బండపల్లెలో నర్సు ఉద్యోగం. ముప్పై ఏండ్ల నుంచి ఆ ఊరి పిల్లకాయలకు సూదులేసింది, కడుపుతో ఉన్నోళ్లకు రక్తం మాత్రలిచ్చింది, ముసలోళ్ల చేతికి బీపీ పట్టీ చుట్టింది. అందరికీ నర్సమ్మే. తనకంటే పెద్దోళ్లు కూడా నర్సమ్మా అనే పిలిచేవాళ్లు, తిట్టేటప్పుడు కూడా.

ఇరవై ఏండ్లు స్కూటీ తోలితోలి మోకాళ్లు అరిగినంక, యాభై ఒకటో ఏట కారు నేర్చుకుంది. నేర్పిన మనిషిది వేరే మతమైనా, గడియారస్తంభం దగ్గర రెండుసార్లు యేసయ్యను పిలిచినాడు. ఆయనకే లేని ధైర్యం ఆమెకుంది. కారు కొన్న రోజు పాస్టరు గారు వచ్చి, బానెట్టు మీద చెయ్యిపెట్టి నిండా పావుగంట ప్రార్థన చేసినాడు. ఇంజనును ఆశీర్వదించినాడు, టైర్లను ఆశీర్వదించినాడు, డిక్కీని కూడా ఆశీర్వదించినాడు. బ్రేకులు మటుకు ఆయన నోట రాలేదు. తర్వాత ఆదివారాల్లో గుడి నిశ్శబ్దంగా మోకాళ్ల మీద ఉన్నప్పుడు బయట కీచుమనేసరికి, "మన సహోదరి కూడా వచ్చేసింది" అని ఆయనే అనాల్సి వచ్చింది.

ఆ కూత కారుతో పాటు పుట్టింది కాదు. ఆర్నెల్లు కారు నోరెత్తలేదు. రెండో ఫ్రీ సర్వీసు చేయించి తెచ్చుకున్న వారానికి మొదలైంది. అందుకే ఆమె నేరుగా కొన్న షోరూంకే పోయింది.

షోరూంలో కస్టమర్లతో మాట్లాడేదానికి మహేష్ అని ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏండ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెళ్లో తాడుకు వేలాడే కార్డు, చేతిలో ట్యాబు. ఆమె చెప్పింది మొత్తం విన్నట్టే తలూపి, ఒక్క ముక్క రాసుకోలేదు.

"డస్ట్ మేడం. పలకల ఏరియా కదా. అది నార్మల్. కొంచెం తిరిగితే అదే పోతది."

మూడు గంటలు కూచోబెట్టి, కారు కడిగి, లోపల మల్లెపూల సెంటు కొట్టి, బ్రేకులు చూసినామని జాబ్ కార్డనే పనిచీటీ రాసి ఇచ్చినాడు. గేటు దాటి బ్రేకు తొక్కితే, మల్లెపూల వాసనతో సహా కీచుమంది.

పదిహేను రోజులకు మళ్లీ పోయింది. ఈసారి మహేష్ జబ్బు మార్చినాడు.

"డ్రైవింగ్ స్టైల్ వల్ల కూడా వస్తది మేడం. లేడీస్ ఎక్కువ బ్రేకు మీద కాలు పెట్టి తోలుతారు. సార్ రాలేదా?"

"ఏ సారు?"

"మీ సార్. ఆయనొస్తే ఒకసారి ట్రయల్ చూపిచ్చి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం."

మగ్దలీనమ్మ మొగుడు కరుణాకరం రైల్వేలో పట్టాల పనిచేసి రిటైరైన మనిషి. సైకిలు తప్ప ఇంకోటి తోలినోడు కాదు. ముప్పై అయిదేండ్లు గూడ్సు బండ్ల పక్కన నిలబడి నిలబడి చెవులు సగం రైల్వేకే ఇచ్చేసినాడు. ఇంట్లో కుక్కరు విజిలేస్తే పక్కింటాయన వచ్చి చెప్పాల్సిందే. అయినా సారే కావాలంటన్నారు కదాని ఆ శనివారం ఆయన్నే తోలుకపోయింది.

మహేష్ ఆయన్ను ముందు సీట్లో కూచోబెట్టుకోని కంభం రోడ్డులో రెండు కిలోమీటర్లు తిప్పినాడు. అయిదుసార్లు బ్రేకు కొట్టినాడంట. రోడ్డు పక్క మేకలు బెదిరి పరుగెత్తినాయని కరుణాకరమే ఇంటికొచ్చినంక చెప్పినాడు, ఎందుకు బెదిరినాయో మటుకు తెలియలేదన్నాడు.

"సౌండ్ ఏమన్నా ఉందా సార్?" అని మహేష్ అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది నాయనా, ఏసీ చల్లగా ఉంది" అన్నాడంట. ఆ మాటను ట్యాబులో ఎక్కించి, జాబ్ కార్డు తీసి చేతికిచ్చినారు. బ్రేకులు పరీక్షించడమైనది, కస్టమర్ సంతృప్తి చెందినాడు, అని.

ఇంటికొచ్చి మగ్దలీనమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. మొగుడి మీద కోపం రాలేదు. ఆయన చెవులు అంతే. కాగితం మీద వచ్చింది కోపం. వేసిన సూదినే వేసినట్టు రాయాల, వెయ్యనిది రాయకూడదు. ముప్పై ఏండ్ల ఉద్యోగంలో ఆమె పట్టుకున్న లెక్క అదొక్కటే. ఒక పెద్ద డాక్టరు ఒకసారి, టార్గెట్ నిండలేదు, నలభై ఇండ్లు తిరిగినట్టు రాసెయ్యమ్మా అంటే, పెన్ను ఆయన ముందర పెట్టి మీరే రాయండి సార్ అన్న మనిషి. దానికి ఏడాదిపాటు అడివంచు ఊళ్లకు డ్యూటీ వేసినారు. నడిచి తిరిగింది.

మళ్లీ పోయే ముందురోజు సాయంత్రం ఆమె సంచిలోంచి పల్స్ పోలియో మార్కర్ తీసింది. చుక్కలేసిన పిల్లకాయల చిటికెన వేలికి గుర్తు పెట్టే నల్లసిరా పెన్ను. సబ్బేసి రుద్దినా వారం దాకా పోని సిరా. కరుణాకరం చేత చక్రాల మీది మూతలు ఊడదీయించి, ముందర రెండు చక్రాల బోల్టుల మీద, ఒక్కోదాని మీద ఒక్కో గీత గీసింది. గీత సగం బోల్టు మీద, సగం చక్రం మీద. బోల్టు చుట్టు తిరిగిందా, గీత రెండు ముక్కలైనట్టే. మళ్లీ మూతలు బిగించి నిద్రపోయింది.

మర్నాడు మహేష్‌తో ఒకటే మాట చెప్పింది.

"నాయనా, చక్రాలు విప్పి లోపల చూడండి. అంతే నాకు కావాల్సింది."

"ష్యూర్ మేడం. ఫుల్‌గా చెక్ చేపిస్తా."

సాయంత్రానికి కారు మెరుస్తా వచ్చింది. చేతికి జాబ్ కార్డిచ్చినారు. ముందు చక్రాలు విప్పి, బ్రేకులు పరీక్షించి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టబడినది. దాని పక్కన పచ్చసిరాతో టిక్కు. సంతకం.

మగ్దలీనమ్మ కొంగు నడుముకు దోపి, షోరూం వాకిట్లోనే గొంతుక్కూచోని, స్క్రూడ్రైవరుతో చక్రం మూత పీకింది. నాలుగు బోల్టులు, నాలుగు గీతలు. వెంట్రుకవాసి కదల్లేదు. రెండో చక్రం మూత కూడా పీకింది. అక్కడా అంతే.

"అబ్బయా, ఇట్లరా."

మహేష్ వచ్చి చూసినాడు. మొదట అర్థం కాలేదు. అర్థమైనంక మొహం పాలిపోయింది.

"ఇదేంది మేడం... పెన్నుతో గీస్తే... మా వాళ్లు చూసే విప్పుంటారు, మళ్లీ అదే ప్లేసులో..."

"ఎనిమిది బోల్టులూ అదే ప్లేసులో? మీవాళ్లు బొమ్మలేసేదానికి పోవాల్సింది."

కొత్త కార్లు చూసేదానికి వచ్చినోళ్లు కూడా చుట్టూ చేరినారు. గొడవ వినపడి మేనేజరు వంశీకృష్ణ అద్దాల గదిలోంచి దిగొచ్చినాడు. నలభై అయిదేండ్ల మనిషి, బొద్దుగా ఉంటాడు. రాంగానే గొంతు పెంచినాడు.

"మేడం, మీరిట్ల షోరూం ముందర సీన్ చెయ్యకూడదు. బ్రేకు పనిచేస్తాందా లేదా? కారు ఆగుతాందా లేదా? సౌండ్ నార్మల్ అని మావాళ్లు రెండుసార్లు చెప్పినారు. వారంటీలో సౌండ్ అనేది రాదు. బయట మెకానిక్కుతో విప్పించినారంటే అసలు వారంటీనే పోతది, అది కూడా చెప్తున్నా."

ఆమె తిరిగి అరవడానికే నోరు తెరిచింది. కానీ ఆయన మొహం చూసి ఆగిపోయింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఏసీ గదిలోంచి వచ్చిన మనిషికి మెడంతా చెమట. మాట్లాడతా మాట్లాడతా మెడ వెనక చేత్తో నొక్కుకుంటన్నాడు.

"సారూ, తల దిమ్ముగా ఉందా?"

"ఏంటి?"

"మెడ కాడ పట్టేసినట్టుందా అని. బీపీ ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"నాకేం లేదు. నేను నార్మల్."

ఆ మాట ఆయన వేరే ఎవరితో అన్నా పోయేది. మగ్దలీనమ్మ కారు వెనక సీట్లోంచి సంచి తీసుకోని, ఆయన్ను కస్టమర్ల సోఫాలో కూచోబెట్టి, నోరెత్తనీకుండా చేతికి పట్టీ చుట్టింది. మిషను బుర్రుమని ఊపిరి పీల్చుకోని అంకె చూపించింది. నూట ఎనభై రెండు, నూట పద్నాలుగు. పది నిమిషాలు కదలకుండా కూచోమని మళ్లీ చూసింది. పెద్దగా దిగలేదు.

"ఇప్పుడు నేను కూడా, ఇది నార్మల్ సారూ, కొంచెం తిరిగితే అదే పోతది అని చెప్పి, నీ మొహం కడిగి సెంటు కొట్టి ఇంటికి పంపిచ్చనా?"

సోఫా చుట్టున్నోళ్లు నవ్వినారు. వంశీకృష్ణ నవ్వలేదు. ఆ అంకెల్నే చూస్తన్నాడు. వాళ్ల నాయన నలభై తొమ్మిదేండ్లకే పక్షవాతమొచ్చి పోయినాడని చిన్నగా చెప్పినాడు. ఆ మాటతో మగ్దలీనమ్మకు కారు సంగతి పక్కకు పోయింది. ఉప్పు ఎంత తింటాడు, నిద్ర ఎంత, సిగరెట్టుందా అన్నీ అడిగి, ఈరోజే డాక్టరు దగ్గరికి పో, రేపు అనొద్దు అని, చీటీ మీద అంకెలు రాసిచ్చింది. మహేష్‌నే బండి మీద తీసుకపొమ్మని పురమాయించింది. ఆ తొందరలో షోరూంలో ఎవరు ఎవరికి కస్టమరో తెలియకుండా పోయింది.

కారు మాత్రం కూసుకుంటా ఇంటికొచ్చింది. మర్నాడు వంశీకృష్ణ ఫోన్ చేసి, మాత్రలు మొదలుపెట్టినారక్కా అని చెప్పినాడు. బ్రేకుల సంగతడిగితే గొంతు దించినాడు. విప్పేది తెలిసిన మెకానిక్కులు ఇద్దరూ మానేసి పోయినారంట, కొత్తోళ్లు రావాలంటే నెల పడుతుందంట. "పైకి మెయిల్ పెట్టినానక్కా" అన్నాడు. పైన ఎవరున్నారో ఆమె అడగలేదు. ఆమెకు తెలిసిన పైన ఒకటే, అక్కడికి మెయిలు పోదు.

ఆ ఆదివారం గుడి అయినాక, మొగుణ్ణి కూచోబెట్టుకోని పెద్దదోర్నాల పోయింది. శ్రీశైలం కొండ దిగే కార్లు అక్కడికొచ్చేసరికి బ్రేకులు కాలి పొగలు కక్కుతుంటాయి. వాటికి మందు వేసేది కాటమరాజు. అడివిశాఖ చెక్‌పోస్టుకు పోయే దారిలో రేకుల షెడ్డు, వెదురు మంచం, బోర్డు కూడా లేదు. అరవై దాటిన మనిషి. కారు వచ్చి కీచుమని ఆగితే మంచం మీంచి లెయ్యకుండానే చెవి పెట్టినాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

"రెండో సర్వీసు చేసిన వారానికి అన్నా. దానికి ముందు లేదు."

"పొద్దున్న తీసినప్పుడు ఎక్కువా, తిరిగినంక ఎక్కువా? మెల్లగా తొక్కితేనా, గట్టిగా తొక్కితేనా? కుడి పక్కా, ఎడమ పక్కా?"

అన్నిటికీ చెప్పింది. తనే రోగిని చూస్తే అడిగే ప్రశ్నలు అవి. కాటమరాజు తలూపి లేచినాడు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, కుడి చక్రం ఊడదీసినాడు. లోపల ఇనుప పళ్లెం లాంటి డిస్కు, దాన్ని రెండు పక్కలా పట్టుకునే బ్రేకు ప్యాడ్లు. నలుపూ బూడిదా కలిసిన పలకపొడి అంతా గట్టిపడి ఉంది. ప్యాడ్లు బయటికి తీసి వెనక్కి తిప్పి చూసి, ఆమెకు చూపించినాడు.

"దుమ్ము వల్ల కూడా కొంత కూస్తది. అది అబద్ధం కాదు. కానీ ఇక్కడ, ప్యాడు వీపుకు పల్చటి రేకు ఒకటి ఉండాల. ప్యాడు వణక్కుండా అదే ఆపేది. ఇక్కడ లేదు. ఎవరో విప్పి, మళ్లీ పెట్టడం మరిచినారు."

ఎడమ చక్రం విప్పితే అక్కడ రేకు ఉంది. సొంత కండ్లతో చూసింది మగ్దలీనమ్మ. రెండు ఫోటోలు తీసింది. సర్వీసు చెయ్యకముందు మంచిగున్న కారును సర్వీసు చేసి చెడగొట్టి, మళ్లీ అది నార్మల్ అని మూడుసార్లు కడిగినారన్నమాట.

కుడి పక్క కాటమరాజు చేసినాడు. పొడి దులిపి, నున్నగైపోయిన ప్యాడు మొహాన్ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఎండిపోయిన పిన్నులు తుడిచి గ్రీజు పూసినాడు. ప్యాడు మొహానికి, డిస్కుకు మటుకు గ్రీజు అంటితే బ్రేకు పట్టదు, చచ్చినాక చెప్పుకోవాల్సిందే అన్నాడు. పాత సామాను డబ్బా వెతికి, అదే రకం కారుది రేకు ఒకటి తీసి కూచోబెట్టినాడు. ఎడమ పక్కకొచ్చేసరికి పానా ఆమె చేతికిచ్చినాడు.

"నువ్వు చెయ్యక్కా."

"నేనా?"

"దుమ్ములో తిరిగే బండి. రెండు మూడు నెలలకోసారి తుడుచుకోవాల. ప్రతిసారీ కొండ కింది దాకా వస్తావా? పిల్లోళ్లకు సూదులేసే చెయ్యి, ఇదెంత."

గంట పట్టింది. ఒక పిన్ను తిరగబెట్టి పెట్టింది, తిట్టించుకుంది. చీర కుచ్చిళ్లకు గ్రీజంటింది. కరుణాకరం వెదురు మంచమెక్కి, కాటమరాజు తమ్ముడు తెచ్చిన టీ తాగతా, ఆమెకు పని నేర్పుతున్నట్టు మధ్యమధ్యలో చెయ్యి చూపించినాడు.

ట్రయలుకు చెక్‌పోస్టు దాకా ఎక్కి దిగినారు. మగ్దలీనమ్మ ఏసీ ఆపి, అద్దాలు దించి, దిగుడులో మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి తొక్కింది. అడివిలో ఏదో పిట్ట అరుస్తాంది. అదొక్కటే వినపడింది. ఇంకోసారి తొక్కింది. పిట్టే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. బ్రేకులకు ఏడ్చేదేందని సిగ్గుపడి, దగ్గొచ్చినట్టు దగ్గింది.

కత అక్కడితో అయిపోవాల్సింది. కానీ నాలుగో రోజు మహేష్ ఫోన్ చేసినాడు.

"మేడం, కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తది. ఒకటి నుంచి పది దాకా అడుగుతారు. ప్లీజ్ మేడం, పదికి పది. తొమ్మిదిచ్చినా మాకు సున్నా లెక్క."

కాసేపటికి ఆ కాల్ కూడా వచ్చింది. ఎక్కడి నుంచో ఒకమ్మాయి, పుస్తకం చదివినట్టు మాట్లాడింది. సున్నా ఉందా అని మగ్దలీనమ్మ అడిగితే, ఒకటి నుంచి మాత్రమే మేడం అంది. అయితే మార్కు తర్వాతిస్తా, ముందు ఇది రాసుకో తల్లీ అని, రెండో సర్వీసు నుంచి రేకు దాకా ఇరవై నిమిషాలు చెప్పి, ఆ అమ్మాయి ఇచ్చిన నంబరుకు ఫోటోలు కూడా పంపింది. మేనేజరు బీపీ సంగతి మాత్రం చెప్పలేదు. అది రోగి సొంత విషయం.

రెండు వారాలకు కంపెనీ ఇంజనీరు వచ్చినారని షోరూం నుంచి పిలుపొచ్చింది. పోతే, ఇంజనీరు ముప్పై ఏండ్ల ఆడపిల్ల. సంధ్యారాణి అని పేరు. నమస్కారం పెట్టి, "ఫోటోలు చూసినా ఆంటీ. ఏం చేసినారో మీరే చూపించండి" అంది.

మగ్దలీనమ్మ డ్యూటీ చీరలో ఉంది. షోరూం వాకిట్లో, వంశీకృష్ణ, మహేష్, అందరూ నిలబడి ఉండంగా, చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, కుడి చక్రం విప్పి పక్కన పడుకోబెట్టింది. ఏది ఏందో ఒక్కోటి చూపించింది. సంధ్యారాణి షెడ్డులో సర్వీసుకొచ్చి నిలబడి ఉన్న ఇంకో నాలుగు కార్లు విప్పించింది. రెండిట్లో రేకులు లేవు. పనిముట్ల పెట్టె బోర్లించమంటే, అడుగున పాత గుడ్డల కింద అయిదు బయటపడినాయి.

చివరికి మహేషే నోరు తెరిచినాడు.

"ఆరుగురి పని ఇద్దరం చేస్తన్నాం మేడం. రోజుకు ఇరవై కార్లు పోవాల. ఆరింటికల్లా జాబ్ కార్డులు మూసెయ్యకపోతే జీతంలో కోత. కడగడానికే టైము చాలదు, విప్పేదెప్పుడు?"

మగ్దలీనమ్మకు ఆ గొంతు తెలుసు. టార్గెట్టు నిండని నెలాఖర్లో తన గొంతు కూడా అట్లే ఉంటది. ఆయన మీద కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఉంచుకుంది.

"మీకేం కావాలి ఆంటీ?" సంధ్యారాణి అడిగింది. "మూడేండ్లు సర్వీసు ఫ్రీగా చేయిస్తా. లేదంటే సీటు కవర్లు, మ్యాట్లు..."

మగ్దలీనమ్మ సంచిలోంచి మూడు జాబ్ కార్డులు తీసింది.

"వీటి మీద చెయ్యంది చేసినట్టు రాసినారు. కొట్టేసి, చెయ్యలేదు అని రాయండి. సంతకం, తేదీ. అంతే."

"అంతేనా?"

"బ్రేకు చూసినామని రాసి చూడకపోతే, రేపు ఇంకెవరో కొండ దిగతా నమ్ముతారు. అది రాయండి."

వంశీకృష్ణ పెన్ను తీసుకోని మూడు కార్డుల మీదా తనే రాసినాడు. చెయ్యలేదు, చెయ్యలేదు, చెయ్యలేదు. కింద సంతకాలు పెట్టినాడు. మహేష్ కూడా పెట్టినాడు. మందులు సరిగ్గా వేసుకుంటన్నావా అని ఆమె మెల్లగా అడిగితే, వంశీకృష్ణ ఔనన్నట్టు తలూపినాడు.

సంగతంతా తెలిసినాక ఇంట్లో కరుణాకరం అన్నం ముందర కూచోని చాలాసేపు బాధపడినాడు.

"సీటు కవర్లు ఇస్తామంటే ఒద్దనేదేందే? కవర్లు తీసుకోని సంతకాలు కూడా పెట్టించుకోవచ్చు గదా. ఒకటిస్తే ఇంకోటి ఇయ్యరని ఎవరన్నా అన్నారా?"

అది నిజమేనని మగ్దలీనమ్మకు అప్పుడు తోచింది. ఆ మాట మొగుడి ముందర ఒప్పుకునే ఉద్దేశం లేక, పప్పు ఇంకొంచెం వేసింది.